'మన చెరువు' అన్నది ఎవరు? మొలొకాయి దీవిలో ఒక కథన ప్రయత్నం

నాలుగు నిమిషాల ఫిల్ము ముగిసి, తెర మీద దాతల పేర్లు పైకి జరుగుతుండగా, వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన గొంతు సవరించుకొని నన్ను అడిగారు: "మొదట్లోనే 'మన చెరువు' అన్నావు కదా, ఆ 'మన' కాకొఉనా, మాకొఉనా?" మా ఫిల్ములోని వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషులో ఆ రెంటికీ ఉన్నది ఒకటే మాట కాబట్టి మా బృందంలోని మిగతా ఇద్దరికీ ఆ ప్రశ్నలో పస ఏమిటో తెలియలేదు. తెలుగు మాట్లాడుతూ పెరిగిన నాకు మాత్రం క్షణం పట్టలేదు. హవాయి భాషలో కాకొఉ అంటే వింటున్నవారిని కలుపుకొనే 'మనం'. మాకొఉ అంటే వింటున్నవారిని పక్కన ఉంచి చెప్పే 'మేము'. చెరువు ఎవరిది, చెబుతున్నది ఎవరు, వింటున్నది ఎవరు అన్న మూడు సంగతులూ తేల్చుకోకుండానే మేము ఫిల్ము తీసేశామని ఆయన ఒక్క సర్వనామంతో చెప్పేశారు.

ఆ ఫిల్మును పక్కన పెట్టి, అదే చెరువు గురించి, అదే మనుషులతో కలిసి మరొకటి తయారు చెయ్యడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ పద్నాలుగు నెలల లెక్క. చెరువు పేరు, దాన్ని చూసుకుంటున్న బృందం పేరు, కుటుంబాల పేర్లు ఇందులో ఉండవు. వద్దన్నది వాళ్లే, ఎందుకు వద్దన్నారో ముందుకు పోతే తెలుస్తుంది. డబ్బిచ్చిన సంస్థ పేరు చెప్పకపోవడం మాత్రం నా నిర్ణయం.

చెరువు

హవాయి దీవుల్లో ఒకటైన మొలొకాయి సుమారు 61 కిలోమీటర్ల పొడవు, 16 కిలోమీటర్ల వెడల్పు ఉన్న దీవి. జనాభా ఏడు వేల చిల్లర. దీవి మొత్తం మీద ఒక్క ట్రాఫిక్ సిగ్నలు కూడా లేదు. బయటివారిని సాధారణంగా రానివ్వని నీఇహౌ దీవిని మినహాయిస్తే, హవాయి ఆదిమవాసుల వాటా ఇంత ఎక్కువగా ఉన్న దీవి మరొకటి లేదు. దక్షిణ తీరం వెంట సుమారు 45 కిలోమీటర్ల మేర పగడపు దిబ్బ ఉంది. ఆ దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు లోతు లేకుండా, అలల తాకిడి లేకుండా ఉంటాయి కనుక అక్కడి పూర్వులు ఒడ్డు నుంచి సముద్రంలోకి అర్ధచంద్రాకారంగా రాతిగోడలు కట్టి, లోపల చేపలు పెంచారు. ఆ గోడను కుఆపా అంటారు, గోడతో కట్టిన చెరువును లొకో కుఆపా అంటారు.

చేపల చెరువు అనగానే తెలుగువారికి భీమవరం, కైకలూరు వైపు తవ్విన చెరువులు, మేత బస్తాలు, ఏరియేటర్లు కళ్లముందు మెదులుతాయి. ఇది అది కాదు. ఇందులో మేత వెయ్యరు. కొండ మీది నుంచి వచ్చే మంచినీళ్లు, సముద్రం నుంచి వచ్చే ఉప్పునీళ్లు కలిసేచోట నాచు పెరుగుతుంది, చేప దాన్ని తిని బలుస్తుంది. గోడలో అక్కడక్కడా మాకాహా అనే తూము ఉంటుంది. కర్రలను దగ్గర దగ్గరగా నిలిపి కట్టిన తడిక లాంటిది అది. వేలెడంత పిల్ల ఆ సందుల్లోంచి లోపలికి దూరగలదు. లోపల బలిశాక బయటికి పోలేదు. పోటు వచ్చినప్పుడు కొత్త నీటి వాసనకు పెద్ద చేపలు తూము దగ్గరికి చేరుతాయి, కావలసినన్ని వలతో తీసుకుంటారు. ముఖ్యంగా పెరిగే చేపలు రెండు: అమఅమ, అవ. రెండోది మన కోస్తాలో పాలబొంత అనేదే.

1990లో జరిగిన ఒక సర్వేలో హవాయి దీవులన్నిటిలో కలిపి 488 చెరువుల ఆనవాళ్లు లెక్కకు వచ్చాయి. వాటిలో చాలావరకు ఇప్పుడు పని చెయ్యవు. బయటి నుంచి వచ్చిన రోగాలతో జనం తుడిచిపెట్టుకుపోవడం, 1848 నాటి భూవిభజనతో నేల సొంత ఆస్తిగా మారడం, 1946 ఏప్రిల్ 1 నాటి సునామీ, వీటన్నిటికీ అందులో పాలు ఉంది. మొలొకాయిలో వీటికి తోడు ఒండ్రు. పశువులు, మేకలు, జింకలు మేసి బోడి చేసిన కొండల మీది ఎర్రమట్టి ప్రతి వానకూ చెరువులోకి దిగుతుంది. ఆ జింకలు మరేవో కావు, మన చుక్కల దుప్పులే. 1868లో రాజు ఐదవ కమేహమేహకు కానుకగా హాంగ్‌కాంగ్ మీదుగా వచ్చిన కొద్దిపాటి దుప్పులు ఇప్పుడు దీవి నిండా ఉన్నాయి. "మీ దేశం వాళ్లే, తీసుకుపో" అని అక్కడ నన్ను ఏడిపించనివారు లేరు.

మొదటి ఫిల్ము

మాకు అప్పగించిన పని సూటిగానే ఉంది. ఒక చెరువు గోడను తిరిగి కడుతున్న స్థానిక బృందానికి ఒక చిన్న ఫిల్ము, దానితో పాటు సోషల్ మీడియాలో పెట్టుకోవడానికి కొన్ని తునకలు చేసిపెట్టాలి. స్వచ్ఛందంగా వచ్చే చేతులూ విరాళాలూ పెరగాలి. కోవిడ్‌కు రెండేళ్ల ముందు సంగతి ఇది. మేము హోనోలులు నుంచి విమానంలో వెళ్లి, నాలుగు రోజుల్లో చిత్రీకరణ ముగించుకొని వచ్చాము. చెరువు బృందం వాళ్లు అడిగినవన్నీ చూపించారు, అన్నం పెట్టారు, ఎక్కడా అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకపోవడాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని, అలా అనుకోకుండా ఉండవలసింది.

ఫిల్ము మొదలవ్వడమే తెల్లవారుజామున డ్రోన్ నుంచి తీసిన దృశ్యంతో మొదలవుతుంది. గోడ చుట్టూ దట్టంగా మడ చెట్లు, వాటి మీద బంగారు ఎండ. నేను కాకినాడలో పెరిగాను. కోరింగ మడ అడవిని చూపించి, తుఫాను వచ్చినప్పుడు మనల్ని కాచేది ఇదేనని చెప్పే ఇంట్లో పెరిగినవారికి మడ చెట్టు అంటే తల్లి లాంటిది. కానీ హవాయిలో మడ చెట్టు సహజంగా లేదు. 1902లో ఒక చక్కెర కంపెనీ కొండల నుంచి జారే మట్టిని ఆపడానికి మొలొకాయి తీరంలో దాన్ని నాటించింది. దాని వేళ్లు గోడ రాళ్ల సందుల్లో దిగి రాళ్లను విడదీస్తాయి, ఒండ్రును పట్టి ఉంచి చెరువును నేలగా మారుస్తాయి. ఆ బృందం ప్రతి నెలా రంపాలు పట్టుకొని కొట్టేస్తున్నది దాన్నే. ప్రదర్శన రోజున ఒక పెద్దావిడ నవ్వుతూనే అన్నారు, "మా చెరువు పీక నొక్కుతున్న చేతిని ఎంత అందంగా తీశారమ్మా" అని. నాలుగు రోజులు అక్కడే ఉండి, వాళ్లు చెట్లు కొడుతుంటే చూసి కూడా, నా కన్ను నా ఊరి కన్నుగానే చూసింది.

వ్యాఖ్యానంలో 'మరుగునపడిన చెరువు' అన్న మాట ఉంది. ఆ పెద్దావిడే మళ్లీ అడిగారు: ఎవరు మరిచారు? ఆమె తండ్రి చనిపోయే ఏడాది దాకా ఆ గోడ మీద నడిచేవారట. నీళ్లు తీసినప్పుడు ఏ రాయి కదిలిందో ఇంటికి వచ్చి చెప్పేవారట. చెరువు పని చెయ్యకపోవడం వేరు, మరుపున పడడం వేరు. మరిచిపోయారని రాస్తే, గుర్తు చెయ్యడానికి వచ్చిన ఘనత మాదే అవుతుంది. ఈ రంగంలో మాకు తెలియకుండానే మా వాక్యాలు ఇటువంటి ఘనతలు పోగేసుకుంటూ ఉంటాయి.

మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది. ఆ చెరువును కాచే మొఒ గురించి ఒక కథ ఉంది. మొఒ అంటే నీటిని అంటిపెట్టుకొని ఉండే, బల్లి రూపం గల దేవత. ఆ కథను మేము అచ్చులో ఉన్న ఒక పాత ఇంగ్లీషు సంగ్రహంలోంచి తీసుకొని, కొంచెం కుదించి, ఫిల్ముకు ఎత్తుగడగా పెట్టుకున్నాము. అచ్చయింది కదా, అందరిదీ అనుకున్నాము. హవాయిలో కథను మొఒలెలొ అంటారు. అది మాట వెంట మాటగా వరుసలో వచ్చేది. ఎవరి దగ్గర విన్నామో, వాళ్లు ఎవరి దగ్గర విన్నారో చెప్పగలిగితేనే దానికి నిలకడ. ఫలానా చోటికి చెందిన కథను చెప్పే కులెఅన ఆ చోటును కనిపెట్టుకొని ఉన్న కుటుంబాలది.

ఈ కులెఅన అన్న మాట దగ్గర కొంత ఆగాలి. దీన్ని ఒకరు 'హక్కు' అని అనువదిస్తారు, మరొకరు 'బాధ్యత' అని. రెండూ విడివిడిగా తప్పే. పని చేస్తున్నంత కాలమే హక్కు, హక్కు ఉంది కాబట్టే పని తప్పదు. మన పాత మిరాశీ అన్న మాటలో ఈ వాసన కొంచెం ఉంది కానీ, దానికి అంటుకున్న హెచ్చుతగ్గులు కూడా గుర్తుకు వస్తాయి గనుక నేను దాన్ని వాడను. రెండో ఫిల్ములో మేము కులెఅనకు ఎక్కడా అనువాదం పెట్టలేదు. పదకొండు నిమిషాల్లో ఆ మాట ఐదుసార్లు వినిపిస్తుంది. ఐదోసారికి చూసేవారికి దానంతట అదే తెలుస్తుంది.

అంగీకార పత్రం

ప్రదర్శన అయ్యాక ఫిల్మును ఎక్కడా పెట్టబోమని అక్కడే చెప్పాము. అది వినగానే ఆ పెద్దాయన, ఆయనను అందరూ అంకుల్ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను, చిత్రీకరణకు ముందు మేము సంతకాలు పెట్టించుకున్న కాగితం ఒకటి జేబులోంచి తీశారు. తమ మాటను, రూపాన్ని వాడుకోవడానికి అంగీకరిస్తున్నామని రాసి ఉండే మామూలు పత్రం. వినోద పరిశ్రమ నుంచి అందరూ యథాతథంగా వాడుకునే నమూనా అది. ఆయన కళ్లద్దాలు సర్దుకొని పైకి చదివారు: ఈ హక్కులు శాశ్వతంగా, విశ్వమంతటా చెల్లుతాయి అని. ఒక్కసారి హాలంతా నవ్వులు. ఎవరో చంద్రుడి మీద కూడానా అన్నారు. అంకుల్ నవ్వలేదు. "మా తాత ఈ గోడను కూడా శాశ్వతంగా ఇవ్వలేదు. మీకు నా మాటను ఎలా ఇస్తాను?" అన్నారు.

ఆ పత్రాన్ని మేము ఆ తరవాత వాడలేదు. దాని బదులు ఏం రాసుకున్నామో చెప్పాలంటే, రాసుకున్నది అర పేజీ. మాట చెప్పినవారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. రికార్డు చేసిన అసలు ఫైళ్లు కుటుంబం దగ్గర ఉంటాయి, మా దగ్గర ఉండేది నకలు. కోతలు పూర్తయిన ప్రతిసారీ మేము దీవికి వచ్చి చూపిస్తాము, లింకు పంపము. ఈ చివరిది డబ్బిచ్చిన సంస్థకు మింగుడుపడలేదు. విమానం టిక్కెట్ల ఖర్చు చూసి, ఈ పని వీడియో కాల్‌లో అవుతుంది కదా అన్నారు. కాదు. వీడియో కాల్‌లో జనం మర్యాదకు ఔనంటారు. ఎదురుగా కూర్చుని, తిని, గిన్నెలు కడుగుతున్నప్పుడు చెప్పేవే అసలు అభ్యంతరాలు.

రాళ్లు

అంకుల్ పెట్టిన షరతు ఒక్కటే: మూడు నెలలు కెమెరా లేకుండా పనికి రండి. అక్కడ 'మా క హన క ఇకే' అని ఒక సామెత ఉంది, తెలివి పనిలోనే ఉందని. అది గోడల మీద రాసుకునే మాటగా నాకు అదివరకే తెలుసు. మూడు నెలలు రాళ్లు మోశాక తెలిసింది వేరు.

పనిరోజు ఉదయం అందరూ ఒడ్డున నిలబడి, లోపలికి రావచ్చా అని ఒలి అనే మంత్రం లాంటి గానంతో అడుగుతారు. అవతలి నుంచి జవాబు ఒలి వచ్చేదాకా ఎవరూ కదలరు. మొదటిసారి చిత్రీకరణకు వెళ్లినప్పుడు మేము వెలుతురు పోతోందని ఆ నిరీక్షణలోనే ట్రైపాడ్‌లు దింపుకున్నాము. ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

గోడకు సున్నం లేదు, సిమెంటు లేదు. ముఖానికి పెట్టే రాయిని నిహో అంటారు. నిహో అంటే పన్ను. రాయి పొడుగు వైపు గోడ లోపలికి పోవాలి, పన్ను చిగురులోకి దిగినట్టు. బయటికి దాని కొస మాత్రమే కనిపించాలి. కొత్తవారు చూపుకు బాగుంటుందని రాయి వెడల్పు వైపును బయటికి పెడతారు. నేనూ పెట్టాను. అంకుల్ ఏమీ అనకుండా మడమతో ఒక్క తోపు తోశారు, రాయి నీళ్లలో పడింది. పెద్ద రాళ్ల వెనక ఖాళీలను హకహక అనే చిన్న రాళ్లతో నింపుతారు. నీరు ఆ సందుల్లోంచి ఊపిరిలా వచ్చి పోతుంది. అలా పోనిస్తుంది కాబట్టే గోడ అల దెబ్బకు నిలుస్తుంది. పిల్లలు మోసేవి హకహక. పిల్లలకు పని లేని పనిరోజు ఉండదు.

మూడో నెలలో నేను ఇంట్లో చేసిన పులిహోర పెద్ద డబ్బాలో పెట్టుకొని వెళ్లాను. ఒట్టి చేతులతో వెళ్లకూడదన్న మర్యాద అక్కడా ఉంది. అంతకు ముందు రెండుసార్లు దుకాణంలో కొన్న బిస్కెట్లు తీసుకువెళితే, పిల్లలు తిన్నారు కానీ పెద్దలు ముట్టలేదు. ఆ రోజు మాత్రం పెద్దావిడ పక్కన కూర్చోబెట్టుకొని, ఈ పసుపు అన్నం ఎవరు నేర్పారు, మీ అమ్మ ఊరు ఏది, ఆ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అని వరసగా అడిగారు. దీన్ని అక్కడ టాక్ స్టోరీ అంటారు. నేను ఇంటర్వ్యూ చెయ్యడానికి వెళ్లినదాన్ని, మూడు నెలల తరవాత నా ఇంటర్వ్యూ అయింది. ఆ మరుసటి వారం ఆమె తన తండ్రి సంగతులు రికార్డు చేసుకోమని తనే పిలిచారు.

మొత్తం తొమ్మిదిమంది పెద్దలు మాట్లాడారు. ప్రతి మాటా మూడు గంపల్లో ఒకదానిలోకి పోయేది, ఏ గంపలోకో తేల్చేది చెప్పినవారే. మొదటిది కాకొఉ గంప: లోకమంతా వినవచ్చు. తూము ఎలా పని చేస్తుంది, మడ చెట్లు ఎవరు నాటారు, గోడ ఎలా కడతారు. రెండోది మాకొఉ గంప: రికార్డు అవుతుంది, కానీ కుటుంబాల దగ్గరే ఉంటుంది. ఏ చంద్రకళలో ఏ చేప ఎక్కడికి వస్తుంది, ఎవరి తాత ఎవరితో తగవు పడ్డాడు, మొఒ కథ. మూడో గంపలోనివి రికార్డు కావు; అక్కడ మేము కెమెరా ఆపి, లేచి బయటికి వెళ్లేవాళ్లం. బయటి నుంచి చూసేవారికి ఇది కథను కుదించుకోవడంలా కనిపించవచ్చు. నా అనుభవం దానికి సరిగ్గా ఎదురు. మూడో గంప ఉందని తెలిశాకనే మొదటి గంప నిండింది.

భాష

అంకుల్‌కు హవాయి భాష పూర్తిగా రాదు. ఆయన తరానికి రాకపోవడం వాళ్ల తప్పు కాదు. 1896లో వచ్చిన ఒక చట్టం బళ్లన్నిటిలో ఇంగ్లీషును బోధనా భాషగా చేసింది, ఆ తరవాత బడిలో ఇంటి భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. 1978లో రాష్ట్ర రాజ్యాంగం హవాయి భాషను అధికార భాషగా గుర్తించింది. 1984లో కౌఆయి దీవిలోని కెకహలో పూనన లెఒ శిశుపాఠశాల మొదలైంది, 1987 నుంచి ప్రభుత్వ బళ్లలోనూ హవాయి మాధ్యమం వచ్చింది. అంకుల్ మనవరాలు ఆ బడిలో చదివింది. ఆమెకు వ్యాకరణం వచ్చు, ధారాళంగా మాట్లాడుతుంది. ఆయనకు వాక్యం రాదు, కానీ చెరువు మాటలు వచ్చు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడమే మా పద్నాలుగు నెలల్లో మేము చేసిన మంచి పని అని నా అభిప్రాయం.

బల్ల మీద పెట్టింది పాత పత్రికలు. 1834 నుంచి 1948 దాకా హవాయి భాషలో వందకు పైగా పత్రికలు వెలువడ్డాయి, వాటిలో చాలావరకు ఇప్పుడు కంప్యూటర్‌లో వెతుక్కోవచ్చు. చిక్కల్లా, ఆ కాలపు అచ్చులో దీర్ఘానికి గుర్తు లేదు, ఒకిన అనే గొంతు నొక్కుకూ గుర్తు లేదు. ఇవి రెండూ లేకపోతే ఎంత నష్టమో ఒక్క ఉదాహరణ చాలు: పఉ అంటే అయిపోయింది, మధ్యలో నొక్కి ప'ఉ అంటే మసి, చివర సాగదీసి ప'ఊ అంటే తడిసినది, రెండూ సాగదీసి పా'ఊ అంటే పావడా. దీర్ఘం సంగతి తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకిన మాత్రం నన్ను చాలా తిప్పలు పెట్టింది. రెండు అచ్చులు పక్కపక్కన కనిపిస్తే మన నాలుక ఊరుకోదు, సంధి అయినా చేస్తుంది, యకారమైనా తెచ్చి దూరుస్తుంది. నా నోటు పుస్తకంలో మొదటి రెండు నెలల హవాయి మాటలన్నీ యడాగమంతో ఉన్నాయి. మనవరాలు అది చూసి, గొంతు దగ్గర ఆగాలి, అతికించకూడదు అని ఓపికగా దిద్దింది.

ఒక రోజు ఆమె పత్రికలోని ఒక వాక్యాన్ని చదువుతూ 'మకహ' అన్న మాట దగ్గర ఆగి, దోపిడీ అని అర్థం చెప్పింది. వాక్యం బాగానే కుదిరింది. చెరువులో దోపిడీ జరిగిందని. అంకుల్ తల అడ్డంగా ఊపి, పక్క పదం ఏమిటని అడిగారు. నీళ్లు. "అయితే అది దోపిడీ కాదు, మాకాహా. తూము తెరిచారు, అంతే" అన్నారు. నిఘంటువులో ఇద్దరి అర్థాలూ ఉన్నాయి. తూము తెరిచే చెయ్యి ఉన్నవారికి మాత్రమే ఏది సరైనదో తెలిసింది. ఆ సంభాషణ రికార్డయింది, మొదటి గంపలోకి వచ్చింది, రెండో ఫిల్ములో చాలామందికి నచ్చిన ఘట్టం అదే.

ఉపశీర్షికల దగ్గర ఇటువంటిదే మరొకటి. మేము అమఅమ వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో చేప పేరు ఒకటే వేసుకుంటూ పోయాము. అంకుల్ ఆపించారు. వేలెడంత ఉన్నప్పుడు అది పుఅ, చెయ్యంత అయితే కహహ, ఆ తరవాత అమఅమ, అడుగు దాటితే అనఎ. కోనసీమలో బొండాన్ని, కాయను, కురిడీని ఒకే పేరుతో పిలిచేవాడిని ఏమంటామో, మమ్మల్ని ఆయన అదే అన్నారు. తూము సందు ఎంత ఉండాలన్నది ఆ పేర్లలోనే ఉంది. ఉపశీర్షికల్లో నాలుగు పేర్లూ అలాగే ఉంచి, పక్కన ఆయన చేతులు దూరం చూపించే దృశ్యం పెట్టాము.

రెండో ఫిల్ము, దాని తరవాత

ఒప్పందంలో 'స్థానికులకు కథన నైపుణ్యాలలో శిక్షణ' అని ఒక పద్దు ఉంది. దాన్ని కొట్టేయమని మేమే అడిగాము. 1897లో అమెరికాలో విలీనాన్ని వ్యతిరేకిస్తూ హుయి అలొహ ఆఇన అనే సంఘం వారు దీవి దీవికీ తిరిగి 21,269 సంతకాలు కూడగట్టారు. మొలొకాయిలో పుట్టిన గాయకుడు జార్జ్ హెల్మ్, ఆయన తోటివారు 1970లలో కహొఒలవె దీవి మీద సైన్యం బాంబులు వెయ్యడాన్ని పాటతో, పెద్దల సలహాతో ఎదిరించారు. 1977 మార్చిలో హెల్మ్ ఆ సముద్రంలోనే కనిపించకుండా పోయారు. బాంబులు 1990లో ఆగాయి. 2015 డిసెంబరులో ఒవాహు దీవిలోని హెఎయియ చెరువు గోడకు, 1965 వరదలో తెగిన గండిని మూయడానికి దాదాపు 2,000 మంది బారులు తీరి చేతి నుంచి చేతికి రాళ్లు అందించారు. ఇటువంటివారికి మేము నేర్పగలిగేది మైకు ఎక్కడ పెట్టాలన్నంత వరకే. ఆ పద్దులోని సొమ్ము పనిరోజుల భోజనాలకు మళ్లింది, అదీ ఎంతో వాదించాక.

రెండో ఫిల్ము నిడివి పదకొండు నిమిషాలు. గొంతు మనవరాలిది. మొదటి రెండు నిమిషాలు హవాయి భాషలో, ఉపశీర్షికలు లేకుండా నడుస్తుంది. అక్కడ ఆమె వాడేది మాకొఉ. ఉపశీర్షికలు లేకపోతే చూసేవారు వెళ్లిపోతారని డబ్బిచ్చిన సంస్థ గట్టిగా పట్టుబట్టింది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, వెళ్లిపోయారు. విరాళాలు వాళ్లు పెట్టుకున్న లక్ష్యాన్ని చేరలేదు. మరుసటి ఏడు మాకు ఆ సంస్థ నుంచి పని రాలేదు. పనిరోజులకు మాత్రం, రోడ్డు అవతలే ఉంటూ ఎన్నడూ రాని కుటుంబాలు రావడం మొదలుపెట్టాయి. ఒక బడి మాస్టారు ఆ ఫిల్మును పట్టుకొని తరగతి మొత్తాన్ని ప్రతి నెలా తీసుకువస్తున్నారు. ఏ లెక్కతో చూస్తే ఇది గెలుపో నేను వాదించను. ఏ లెక్కతో కొలవాలో ముందే రాసుకోకపోవడం మా తప్పు.

ఇంకో తప్పు కూడా జరిగింది, అది మూడు గంపల్లోనూ పట్టనిది. ఒక డ్రోన్ దృశ్యంలో చెరువు లోపల నీళ్ల రంగు కొంచెం మారినట్టు కనిపిస్తుంది. ఎవరూ ఆ చోటు గురించి మాట్లాడలేదు కాబట్టి ఏ గంపలోకీ పోలేదు. తెలిసినవారికి అది మంచినీటి ఊట అనీ, దాని పక్కనే తినే నాచు దొరుకుతుందనీ చూడగానే తెలుస్తుంది. ఫిల్ము బయటికి వచ్చిన కొద్ది వారాలకే రాత్రిపూట ఎవరో వచ్చి నాచును వేళ్లతో సహా పీక్కుపోయారు. మేము ఫిల్మును దించి, ఆ దృశ్యాన్ని తీసేసి మళ్లీ పెట్టాము. పోయిన నాచు తిరిగి పెరగడానికి పట్టిన కాలం గురించి అంకుల్ నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు నేను మాటలతో పాటు ప్రతి దృశ్యాన్నీ, శబ్దం తీసేసి, ఒడ్డున ఉండేవారికి విడిగా చూపిస్తాను. చేపలు పట్టేవారి కన్ను తెరలో ఏం చూస్తుందో మనం ఊహించలేము.

నిరుడు ఒక కుటుంబం ఫోను చేసింది. ఆ పెద్దావిడ పోయారు. ఫిల్ములో ఆమె తన తండ్రి గురించి చెప్పిన నలభై సెకన్ల మాటను తీసెయ్యమని అడిగారు. కారణం చెప్పలేదు, మేము అడగలేదు. మాటను తీశాక ఆ ఖాళీలోకి మరో దృశ్యం దూర్చడానికి మా ఎడిటరు రెండు మూడు రకాలుగా చూసింది. చివరికి ఏదీ పెట్టలేదు. ఇప్పుడు ఆ నలభై సెకన్ల పాటు తెర మీద తూము కనిపిస్తుంది, కర్రల సందుల్లోంచి పోటు నీరు లోపలికి వస్తున్న చప్పుడు వినిపిస్తుంది.